మూడో సిలిండర్ గోడలో మిగిలింది ఎంత? ఒక ఇంజిన్ బోరింగ్ కేస్ స్టడీ

ఈ కేసులో ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లన్నీ ఉండే పోత) పగల్లేదు. నీళ్లు ఆయిల్లో కలవలేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఏ గేజ్ పెట్టి చూసినా బోర్ (సిలిండర్ లోపలి రంధ్రం) గుండ్రంగానే ఉంది. అయినా ఆ బ్లాక్ పనికిరాకుండా పోయింది. దాని బోర్లను 86 మిల్లీమీటర్ల వ్యాసానికి కోయవచ్చని ఒప్పుకున్నది నేనే కాబట్టి, ఆ ఒప్పుకోలు వెనక ఉన్న లెక్క ఎక్కడ తప్పిందో పూర్తిగా రాస్తున్నాను. యజమాని వివరాలు, బండి వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు. బ్లాక్ బీడు ఇనుముతో పోసింది, సిలిండర్లలో విడిగా లైనర్లు (దింపిన గొట్టాలు) లేవు. బోర్ 84 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 90 మి.మీ., మొత్తం 1995 సీసీ. బాగా తిరిగిన ఇంజిన్. పిస్టన్ పై రింగు వెనక్కి తిరిగే చోట సిలిండర్ 0.18 మి.మీ. దాకా అరిగి, కోలగా అయింది. ఎలాగూ రీబోర్ (బోర్‌ను మళ్లీ కాస్త పెద్దగా కోయడం) తప్పదు. మామూలుగా అయితే 84.5 కోసి, అర మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేసి పంపేవాణ్ణి.

యజమాని మాత్రం 86 కావాలన్నారు. ఆయన అడగడంలో అర్థం ఉంది. అదే ఇంజిన్ల కుటుంబంలో 86 మి.మీ. బోర్‌తో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన పెద్ద ఇంజిన్ ఒకటుంది. బయటి నుంచి చూస్తే రెండు బ్లాకులూ ఒకేలా ఉంటాయి, హెడ్ (బ్లాక్ పైన బిగించే మూత) బోల్టుల చోట్లు కూడా ఒకటే. పిస్టన్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. "కంపెనీయే 86 ఇచ్చినప్పుడు ఈ బ్లాక్ ఎందుకు తట్టుకోదన్నా?" అని అడిగారు.

బయట ఒకేలా ఉన్నంత మాత్రాన లోపల కూడా ఒకేలా ఉంటుందని కాదు. బ్లాక్ పోసేటప్పుడు సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే ఖాళీ అంతా ఇసుక కోర్ వల్ల ఏర్పడుతుంది. పెద్ద బోర్ ఇంజిన్‌కు ఫ్యాక్టరీవాళ్లు ఆ కోర్‌నే మార్చి, నీళ్ల చోటు తగ్గించి, గోడ మందం నిలుపుకుంటారు. షెవ్రొలే స్మాల్ బ్లాక్‌లో సిలిండర్ మధ్య నుంచి పక్క సిలిండర్ మధ్యకు 4.4 అంగుళాలు. 1970లో 400 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ కోసం బోర్‌ను 4.125 అంగుళాలకు పెంచినప్పుడు రెండు బోర్ల మధ్య మిగిలింది 0.275 అంగుళం, అంటే దాదాపు 7 మి.మీ. అందులో రెండు గోడలూ నీళ్లదారీ పట్టవు. అందుకే సిలిండర్లను ఒకదానికొకటి అతికించి పోశారు. ఆవిరి నిలవకుండా డెక్‌లో, అంటే హెడ్ కూర్చునే బ్లాక్ పై ముఖంలో, చిన్న రంధ్రాలు కూడా పెట్టాల్సి వచ్చింది. తయారుచేసినవాళ్లే పోత మార్చి సాధించిన బోర్‌ను మనం పాత పోత మీద కట్టింగ్ టూల్‌తో సాధిస్తాం అనుకోకూడదు.

ఇదంతా ఆయనకు చెప్పాను. లెక్క కూడా వేసి చూపించాను. 84 నుంచి 86కి వెళ్తే 2091 సీసీ అవుతుంది. పెరిగేది 96 సీసీ, అంటే అయిదు శాతం లోపే. "గోడ కొలుస్తాను, అది ఒప్పుకుంటేనే కోస్తాను" అన్నాను. సరే అన్నారు.

కొలత, నిర్ణయం

గోడ మందం కొలవడానికి వాడేది అల్ట్రాసోనిక్ గేజ్. ప్రోబ్‌ను బోర్ లోపలి గోడకు జెల్ రాసి ఆనిస్తే, శబ్దం గోడ దాటి నీళ్ల వైపు ముఖానికి తగిలి వెనక్కి వస్తుంది. పట్టిన సమయాన్ని ఆ లోహంలో శబ్దం వేగంతో గుణించి, సగం చేసి మందం చూపిస్తుంది.

టర్బో లేని రోడ్డు ఇంజిన్‌కు నేను పెట్టుకున్న హద్దు ఇది: కోసిన తర్వాత థ్రస్ట్ వైపు 4 మి.మీ., మిగతా చోట్ల 3 మి.మీ. మిగలాలి. పవర్ స్ట్రోక్‌లో క్రాంక్ పిన్ ఒక పక్కకు వాలుతుంది, వాలిన కనెక్టింగ్ రాడ్ పిస్టన్‌ను దానికి ఎదురు గోడకు నొక్కుతుంది. ఆ నొక్కుడు తగిలేదే థ్రస్ట్ వైపు. గ్యాస్ ఒత్తిడి చుట్టూ సమానంగా పడుతుంది, ఈ పక్కతోపు మాత్రం ఒకే గోడ మోస్తుంది. అందుకే అక్కడ ఒక మిల్లీమీటర్ ఎక్కువ అడుగుతాను.

ఒక్కో సిలిండర్‌లో రెండు ఎత్తుల్లో, చుట్టూ నాలుగేసి చోట్ల కొలిచాను. అన్నిటిలో తక్కువ వచ్చింది మూడో సిలిండర్ థ్రస్ట్ వైపు నడిమి ఎత్తులో: 5.0 మి.మీ. అదే సిలిండర్‌లో ఎదురు గోడ చాలా మందంగా ఉంది. పోత పోసేటప్పుడు ఇసుక కోర్ కాస్త పక్కకు జరిగిందన్నమాట. ఇది కొత్త సంగతి కాదు, దాదాపు ప్రతి బ్లాక్‌లో ఎంతో కొంత ఉంటుంది.

వ్యాసం రెండు మిల్లీమీటర్లు పెరిగితే ఒక్కో వైపు పోయేది ఒకటి. అక్కడ అప్పటికే కొద్దిగా అరిగి ఉంది కాబట్టి సుమారు 0.95 పోతుంది, 4.05 మిగులుతుంది. సరిగ్గా హద్దు మీద. హద్దు దాటలేదు కాబట్టి సరే అనుకున్నాను. ఆ 4.05లో గేజ్ తప్పుకు గానీ, మెషిన్ సెట్టింగ్ తేడాకు గానీ చోటే లేదు. ఆ రోజు నేను ఆగాల్సింది అక్కడ.

తర్వాత బ్లాక్‌ను బోరింగ్ మెషిన్ ఎక్కించాను. టూల్‌ను సెంటర్ చేసింది సిలిండర్ పై భాగంలో, అంటే అరిగి కోలగా ఉన్న చోట. చేతికి అందే చోటు అది కాబట్టి చాలామందిలాగే అక్కడే చేశాను. అరుగుదల ఎక్కువ థ్రస్ట్ వైపే ఉంటుంది. 0.18 అరిగిన చోట సెంటర్ చేస్తే కొత్త బోర్ మధ్య బిందువు దాదాపు 0.09 మి.మీ. థ్రస్ట్ వైపుకే జరుగుతుంది. అంటే ముందే పలచగా ఉన్న గోడ నుంచి ఇంకొంచెం తీశాను. ఇది నాకు తర్వాతే తట్టింది.

హోనింగ్, అంటే రాళ్లతో బోర్‌ను చివరి కొలతకు నునుపు చేయడం, హెడ్ స్థానంలో టార్క్ ప్లేట్ అనే మందపాటి పలక బిగించే చేశాను. హెడ్ బోల్టులు లాగినప్పుడు బోర్ ఎలా వంకర పోతుందో అలా వంచి పెట్టి గుండ్రం చేయడం అది. 0.01 మి.మీ. లోపు గుండ్రంగా వచ్చింది. బోర్ పెరిగితే కంప్రెషన్ నిష్పత్తి కూడా పెరుగుతుంది, ఇక్కడ 9.0 నుంచి 9.4 దగ్గరకు వస్తుంది. ఆ ఇంజిన్‌కు అది ఇబ్బంది కాదు.

వచ్చిన సమస్య

1500 కిలోమీటర్లకు బండి తిరిగొచ్చింది. ఊరికే తిరిగితే బాగానే ఉంది. లోడుతో ఎక్కువసేపు ఎత్తు ఎక్కితే బ్రీదర్ (ఇంజిన్ అడుగు భాగంలోని గ్యాస్ బయటికి పోయే గొట్టం) నుంచి పొగ, దిగేటప్పుడు సైలెన్సర్ నుంచి నీలి పొగ. వెయ్యి కిలోమీటర్లకు లీటర్ ఆయిల్ తాగుతోంది.

చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ నాలుగింటిలోనూ సమానం. లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి, ఎంత శాతం కారిపోతుందో చూడటం) చల్లగా చేస్తే అన్నీ 6 నుంచి 8 శాతం. ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, వెంటనే ప్లగ్గులు తీసి మళ్లీ చేస్తే మూడో సిలిండర్ 24 శాతం, మిగతావి 9 లోపు. గాలి చప్పుడు ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తోంది. అంటే వాల్వులు కాదు, రింగుల పక్క నుంచే పోతోంది.

ఈ ఒక్క తేడాలోనే రోగం అంతా ఉంది. చల్లగా మూసుకుంటున్న రింగు వేడికి మూసుకోవడం లేదంటే, వేడిలో మారుతున్నది రింగు కాదు, గోడ. నాకు అది అప్పుడు అర్థం కాలేదు.

పనిచేయని ప్రయత్నాలు

ఇంజిన్ విప్పాను. మూడో సిలిండర్ థ్రస్ట్ వైపు నడిమి ఎత్తులో రెండు వేళ్ల వెడల్పు నిలువు పట్టీ అద్దంలా మెరుస్తోంది. అక్కడ హోనింగ్ గీతలు పూర్తిగా పోయాయి. దానికి రెండు పక్కలా గీతలు కొత్తగా, రింగు తాకనట్టే ఉన్నాయి. పిస్టన్ మీద రింగుల కింద గోధుమ రంగు మరక, గ్యాస్ దాటిన ఆనవాలు. డయల్ గేజ్ పెడితే మాత్రం 0.01 లోపే తేడా.

గేజ్ గుండ్రంగా ఉందంటోంది కాబట్టి తప్పు రింగుల్లోనో హోనింగ్ ఫినిష్‌లోనో ఉందని అనుకున్నాను. లైట్‌గా మళ్లీ హోన్ చేసి కొత్త రింగులు వేశాను. 900 కిలోమీటర్లకు అదే కథ, అదే సిలిండర్, అదే చోట మెరుపు.

పలచటి గోడను హోన్ చేసేటప్పుడు జరిగేది నాకు తెలియని సంగతేం కాదు. రాళ్ల ఒత్తిడికి పలచటి చోటు వెనక్కి తగ్గుతుంది, అక్కడ తక్కువ కోత పడుతుంది. ఒత్తిడి తీయగానే గోడ మళ్లీ లోపలికి వస్తుంది. హోన్ చేస్తున్నప్పుడు ఆ ఎత్తులో మెషిన్ లోడు కాస్త తగ్గినట్టు అనిపించింది కూడా. పట్టించుకోలేదు.

రెండో ప్రయత్నం కూలింగ్ వైపు. మూడో సిలిండర్ దగ్గర నీళ్లు సరిగా తిరగడం లేదేమోనని వాటర్ జాకెట్ (సిలిండర్ల చుట్టూ ఉన్న నీళ్ల ఖాళీ) కడిగాను, థర్మోస్టాట్ మార్చాను, హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే గాస్కెట్ రంధ్రాలు డెక్ రంధ్రాలతో కలుస్తున్నాయో లేదో చూశాను. ఏమీ మారలేదు.

తేడా దొరికిన చోటు

రెండోసారి విప్పినప్పుడు, నమ్మకం లేకపోయినా, గోడ మందం మళ్లీ కొలిచాను. మూడో సిలిండర్ థ్రస్ట్ వైపు, నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకున్న అదే ఎత్తులో గేజ్ 3.6 చూపించింది.

నేను ఎదురుచూసింది 4.05. కోసింది ఎంతో నాకు తెలుసు. సెంటర్ జరిగిన 0.09 కలిపినా అక్కడ పోయింది 1.05 దరిదాపుల్లోనే. గేజ్ ప్రకారం మాత్రం 5.0 నుంచి 3.6కు, అంటే 1.4 పోయింది. తీయని లోహం పోయినట్టు చూపిస్తోందంటే గేజ్ స్కేలే తప్పు. 1.4ను 1.05తో భాగిస్తే 1.33. గేజ్ నిజం కంటే మూడో వంతు దాకా ఎక్కువ చూపిస్తోందన్నమాట.

అప్పుడు సెట్టింగ్ చూశాను. గేజ్‌లో ఉన్నది ఉక్కు వేగం, సెకనుకు సుమారు 5900 మీటర్లు. బీడు ఇనుములో గ్రాఫైట్ రేకుల వల్ల శబ్దం నెమ్మదిగా పోతుంది. పోతను బట్టి అది సెకనుకు 3500 నుంచి 5600 మీటర్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే ఏ పట్టికలోనో చూసిన అంకె చాలదు, ఆ బ్లాక్ మీదే వేగం తేల్చుకోవాలి. కోర్ ప్లగ్ (బ్లాక్ బయటి గోడలో నీళ్ల ఖాళీని మూసే బిళ్ల) ఒకటి ఊడదీసి, ఆ రంధ్రం అంచు దగ్గర బయటి గోడను కాలిపర్‌తో నేరుగా కొలిచాను: 6.2. అక్కడే గేజ్ 7.9 చూపించింది. వేగం 4600 దగ్గరకు మారిస్తే రెండూ కలిశాయి.

ఆ వేగంతో లెక్క మళ్లీ వేస్తే, కోయకముందు అక్కడ ఉన్నది 5.0 కాదు, 3.9. కోసిన తర్వాత మిగిలింది 2.8.

2.8 మి.మీ. గోడ ఎందుకు చాలలేదు

లాగుడుకు పగిలే మందం కాదది. పెట్రోల్ ఇంజిన్‌లో గరిష్ఠ ఒత్తిడి 60 బార్ అనుకుంటే, 43 మి.మీ. వ్యాసార్ధం, 2.8 మి.మీ. గోడకు గోడ లోహంలో చుట్టుకొలత వెంట పడే ఒత్తిడి సుమారు 92 మెగాపాస్కల్. బీడు ఇనుము తెగే బలం 200 పైనే. అయితే ప్రతి రెండు తిరుగుళ్లకు ఒకసారి పడే ఒత్తిడి ఇది. అలా పదేపదే పడే ఒత్తిడికి బీడు ఇనుము నిలిచేది దాని బలంలో సగం కంటే తక్కువ దగ్గరే. పగలలేదు, నిజమే. పగలకుండా ఉండటానికి ఉండాల్సిన ఎడం మాత్రం అయిపోయింది.

అంతకంటే ముందు పోయేది ఆకారం. గోడ ఒకచోట లోపలికీ బయటికీ వంగకుండా నిలిచే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. 4.4 మి.మీ. గోడతో పోలిస్తే 2.8 గోడకు ఆ బిగువు నాలుగో వంతే. పైగా ఎదురు గోడ 5.6. ఒకే సిలిండర్‌లో ఒక పక్క మందం ఇంకో పక్కకు రెట్టింపు ఉంటే రెండూ ఒకేలా వేడెక్కవు, ఒకేలా సాగవు. వేడి, పిస్టన్ తోపు, గ్యాస్ ఒత్తిడి మూడూ కలిసినప్పుడు బోర్ గుండ్రం తప్పుతుంది. ఇంజిన్ చల్లారితే మళ్లీ చోటుకొస్తుంది. టార్క్ ప్లేట్ బోల్టుల లాగుడును చూపించగలదు గానీ ఈ మూడింటిని చూపించలేదు. చల్లటి బ్లాక్ మీద నా డయల్ గేజ్ చెప్పింది నిజమే. ఇంజిన్ నడిచేది మాత్రం ఆ స్థితిలో కాదు.

బ్లాక్‌ను నిలబెట్టే దారులు వెతికాను. మొదట స్లీవ్, అంటే బోర్‌లోకి దింపే గొట్టం. 84 మి.మీ. లోపలి వ్యాసం, 3 మి.మీ. గోడ ఉన్న స్లీవ్ అంటే బ్లాక్‌ను 90కి కోయాలి. 86 నుంచి 90కి వెళ్తే ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్లు పోతుంది. 2.8లో మిగిలేది 0.8. డ్రై స్లీవ్‌ను (నీళ్లు నేరుగా తగలని స్లీవ్) సుమారు 0.05 నుంచి 0.08 మి.మీ. బిగుతుతో దింపుతాం, ఆ బిగుతును పట్టుకోవాల్సింది చుట్టూ ఉన్న గోడే. ముప్పావు మిల్లీమీటర్ గోడ ఏం పట్టుకుంటుంది? దింపేటప్పుడే చీలి నీళ్లలోకి తెరుచుకుంటుంది. ఎంత పలచగా ఉన్నా స్లీవ్ వేస్తే సరిపోతుందనే మాట తరచుగా వింటుంటాను. స్లీవ్‌కు కూడా గోడ కావాలి.

రెండోది వాటర్ జాకెట్ కింది భాగాన్ని బ్లాక్ ఫిల్లర్ అనే గట్టిపడే ముద్దతో నింపడం. గోడకు వెనక ఆసరా వస్తుంది, నిమిషం లోపే పరుగు ముగిసే డ్రాగ్ రేసు ఇంజిన్లకు బాగుంటుంది. రోజంతా తిరిగే బండిలో నడిమి ఎత్తుదాకా నింపితే ఆ వేడి ఎటు పోవాలి? అది వద్దనుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

యజమానిని పిలిచి గేజ్, కాలిపర్, నోట్‌బుక్ ముందు పెట్టి, తప్పు నా కొలతలో ఉందని చెప్పాను. రెండో బ్లాక్ మీద పని ఖర్చు నేను పెట్టుకున్నాను. ఆయన అనుమతితో పాత బ్లాక్‌ను మూడో సిలిండర్ మీదుగా అడ్డంగా కోశాం. మైక్రోమీటర్‌లో థ్రస్ట్ గోడ 2.8 వచ్చింది. దాని వెనక నీళ్ల వైపు తుప్పు తిన్న గుంత ఒకటుంది, లోతు 0.4. ప్రోబ్ వెడల్పులో అది విడిగా కనపడలేదు. అంటే ఒకచోట మిగిలింది 2.4 మాత్రమే.

పనిచేసిన దారి

అదే కుటుంబంలో ఇంకో 84 బ్లాక్ తెచ్చారు. ఈసారి వరస మార్చాను. ముందు జాకెట్ కడిగించి, కోర్ ప్లగ్గులు తీయించి, గుంతలున్నాయేమో లైట్ వేసి చూశాను. గేజ్ వేగం ఆ బ్లాక్ మీదే సరిచూస్తే 4650 వచ్చింది. ఒక్కో సిలిండర్‌కు మూడు ఎత్తుల్లో ఎనిమిదేసి చోట్ల, మొత్తం 96 కొలతలు తీసి కాగితం మీద పటంలా రాశాను. అన్నిటికంటే పలచన రెండో సిలిండర్ థ్రస్ట్ వైపు 4.9.

4 మి.మీ. హద్దుకు పైన ఇంకో 0.3 మి.మీ. కొలత తప్పులకు, నేను చూడని గుంతలకు వదిలేశాను. అంటే 4.3. 86కి కోస్తే మిగిలేది 3.9. 85.5కి కోస్తే 4.15. రెండూ వద్దు. 85కి కోస్తే 4.4. ఒక మిల్లీమీటర్ ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరుకుతాయి కాబట్టి 85 ఖాయం చేశాం. 2043 సీసీ.

యజమానికి కాస్త నిరాశే. "86తో పోలిస్తే ఎంత పోగొట్టుకుంటున్నాను?" అన్నారు. 48 సీసీ, రెండున్నర శాతం లోపు. నడిపేటప్పుడు ఆ తేడా చేతికి తెలియదు. హెడ్ పోర్టులు శుభ్రంగా సరిచేసి, వాల్వ్ సీట్లు సరిగ్గా కోస్తే అంతకంటే ఎక్కువే వస్తుందని చెప్పాను, ఆ పని కూడా చేశాం.

ఈసారి సెంటర్ చేసింది సిలిండర్ అడుగున, రింగులు చేరని, అరగని చోట. 84.5 దాకా కోసి మెషిన్ ఆపాను. పావు మిల్లీమీటర్ తీశాను, గేజ్ కూడా పావే తగ్గిందా? తగ్గింది. అప్పుడే మిగతాది కోశాను. చివరి 0.07 మి.మీ. హోనింగ్‌కు వదిలి, టార్క్ ప్లేట్‌తో పూర్తి చేశాను.

12 వేల కిలోమీటర్ల తర్వాత వేడి మీద లీక్‌డౌన్ నాలుగు సిలిండర్లలోనూ 7 నుంచి 9 శాతం. బ్రీదర్ శుభ్రంగా ఉంది. ఆయిల్ మార్పుకూ మార్పుకూ మధ్య పైన పోయాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు మారినవి

"ఈ బ్లాక్ ఎంతదాకా కోయొచ్చు?" అని ఫోన్‌లో అడిగితే ఇక నేను అంకె చెప్పను. ఒకే మోడల్ బ్లాకుల్లో మొదటిది 3.9, రెండోది 4.9. ఆ ఇంజిన్ పేరు మీద ఒక హద్దు చెప్పి ఉంటే రెండింటిలో ఏదో ఒకదాని విషయంలో తప్పయ్యేది.

గోడ ఒప్పుకున్నా డెక్ ఒప్పుకోకపోవచ్చు. ఈ బ్లాక్‌లో సిలిండర్ మధ్య నుంచి మధ్యకు 94 మి.మీ., 84 బోర్‌తో రెండింటి మధ్య 10 ఉంటే 86తో అది 8 అవుతుంది. గాస్కెట్ రింగులు రెండూ ఆ 8లోనే కూర్చోవాలి. గాస్కెట్ బోర్ కొత్త బోర్ కంటే చిన్నదైతే దాని అంచు మంటలోకి పొడుచుకొచ్చి ఎర్రగా కాలుతుంది. అందుకే పిస్టన్లు ఆర్డర్ చేయకముందే గాస్కెట్ తెచ్చి డెక్ మీద పరిచి చూస్తున్నాను. అల్యూమినియం బ్లాక్ గోడకు నికెల్ పూత ఉంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. కోస్తే పూతే పోతుంది, మళ్లీ పూత వేయించడమో స్లీవ్ దింపడమో చేయాలి.

అన్నిటికంటే నాకు ఉపయోగపడుతున్నది మధ్యలో ఆగి కొలవడం. తీసిన లోహం ఎంతో మెషిన్ చెబుతుంది, తగ్గిన మందం ఎంతో గేజ్ చెబుతుంది. రెండూ కలవకపోతే అక్కడే ఆపేస్తాను, అప్పటికి ఇంకా వెనక్కి తగ్గే చోటు ఉంటుంది. మొదటి బ్లాక్‌ను 84.5 దగ్గర ఆపి కొలిచి ఉంటే గోడలో ఇంకా మూడున్నర మిల్లీమీటర్లకు పైన ఉండేది. రోడ్డు మీద ఆ ఇంజిన్ బహుశా నిలిచేదే.

కోసిన ఆ మూడో సిలిండర్ ముక్కను పారేయలేదు. దాన్ని 3, 4, 5 మి.మీ. మెట్లుగా గ్రైండ్ చేయించి గేజ్ పెట్టెలోనే పెట్టుకున్నాను. ఆ కుటుంబం బ్లాక్ ఎప్పుడొచ్చినా ప్రోబ్ ముందు దాని మీదే ఆనిస్తాను. మూడు మెట్లూ సరిగ్గా వచ్చాక కోర్ ప్లగ్ తీసి, వచ్చిన బ్లాక్ మీద వేగం సరిచూస్తాను.